పెద్దవాళ్ళకి కడుపు ఆపరేషన్ అయ్యాక తేడా ముందు కడుపులో కనపడదు

మీరు రాసినదాన్ని ముందు ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను, ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి. మీ నాన్నగారికి 76 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులకి మందుల షాపులో మాత్రలు కొనుక్కుని ఏడాదిగా వేసుకుంటున్నారు. పోయిన వారం ఒక సాయంత్రం కడుపునొప్పి వస్తే గ్యాస్ అనుకున్నారు. తెల్లారాక ఆసుపత్రికి తీసుకెళ్తే చిన్నపేగు మొదట్లో అల్సర్‌కి కన్నం పడిందని ఆ మధ్యాహ్నమే పొట్ట తెరిచి ఆపరేషన్ చేశారు. సక్సెస్ అన్నారు. ఇవాళ ఆరో రోజు. రాత్రుళ్ళు ఎప్పుడో పోయిన వాళ్ళమ్మతో మాట్లాడుతున్నారు, ముక్కు గొట్టం పీకేశారు, మిమ్మల్ని చూసి ఎవరమ్మా నువ్వు అన్నారు. ముద్ద ముట్టడం లేదు. సక్సెస్ అయితే ఇలా ఎందుకున్నారు, మళ్ళీ మామూలు మనిషి అవుతారా, మేం రాత్రే తీసుకొచ్చి ఉంటే ఇంత జరిగేది కాదా అని అడిగారు.

నేను విశాఖలో ముప్పై ఏళ్ళకి పైగా జనరల్ సర్జరీ చేసి ఈమధ్యే మానేశాను. చదువంతా ఆంధ్రా మెడికల్ కాలేజీలో, చేతులు కాల్చుకున్నది ఇక్కడి పెద్దాసుపత్రి కేజీహెచ్ వార్డుల్లో. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి అర్ధరాత్రి వచ్చే ఇలాంటి కడుపుల మధ్యే నా ఉద్యోగం గడిచింది. మీ నాన్నగారిని నేను చూడలేదు, కేస్ షీట్ చూడలేదు. అందుకని వైద్యం చెప్పను. మంచం పక్కన కూర్చున్న మీరు ఏం గమనించాలో, డాక్టర్లని ఏం అడగాలో మాత్రం చెప్తాను.

ముందు ఆ సక్సెస్ అనే మాట సంగతి. థియేటర్ బయటికి వచ్చి సర్జన్ ఆ మాట అన్నాడంటే కన్నం మూశాం, కడుపు కడిగాం, టేబుల్ మీద మనిషి ప్రాణం నిలబడింది అని అర్థం. అంతవరకే. కన్నం మూసే పని నిజానికి పెద్ద కష్టమైనది కాదు. కడుపులోనే ఉండే కొవ్వు పొర ముక్కని కన్నం మీదకి తెచ్చి మూడు నాలుగు కుట్లతో అతుకు వేస్తాం. రోస్కో గ్రాహం అనే కెనడా సర్జన్ 1937లో రాసిన పద్ధతి, ఇప్పటికీ దాదాపు అదే. కష్టం ఎక్కడంటే, అతుకు వేసేలోపు రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా ఆమ్లం, అన్నం మెతుకులు, సూక్ష్మజీవులు కడుపంతా పారాయి. ఆ దెబ్బ ఊపిరితిత్తులకి, కిడ్నీలకి, గుండెకి, మెదడుకి తగిలింది. నలభై ఏళ్ళవాడికి ఒంట్లో దాచుకున్న శక్తి ఉంటుంది, ఖర్చుపెట్టి బయటపడతాడు. డెబ్భై ఆరేళ్ళాయనకి ఆ నిల్వ తక్కువ.

అందుకే ముందు తేదీ ఇచ్చి చేసే ఆపరేషన్‌కి, ఇలా హడావుడిగా చేసేదానికి పోలిక పెట్టకూడదు. బ్రిటన్‌లో ఇలాంటి అత్యవసర ఆపరేషన్లన్నిటికీ దేశవ్యాప్తంగా లెక్క రాస్తారు. అన్ని సౌకర్యాలూ ఉన్న ఆ దేశంలోనే, అన్ని వయసులవాళ్ళనీ కలిపి చూస్తే, నెల రోజుల్లో చనిపోయేవాళ్ళు మొదట్లో నూటికి 11 మందికి పైగా ఉండేవారు, తరువాతి ఏళ్ళలో 9 దగ్గరకు తగ్గారు. వయసు పైబడినవాళ్ళలో ఇంకా ఎక్కువ. మిమ్మల్ని భయపెట్టడానికి కాదు ఈ అంకెలు. మీ డాక్టర్ ఇంకా ఏమీ చెప్పలేం అంటున్నాడంటే దాటవేస్తున్నాడని కాదు, నిజం చెప్తున్నాడని మీరు నమ్మడానికి.

ఇప్పుడు మీకు అన్నిటికంటే భయం వేస్తున్న విషయం. నాన్నగారికి పిచ్చి పట్టలేదు, మతిమరుపు జబ్బు రాత్రికి రాత్రి రాలేదు. దీన్ని మేం డెలీరియం అంటాం. పెద్ద ఆపరేషన్ తరువాత ముసలివాళ్ళలో చాలా తరచుగా చూస్తాం, నా లెక్కలో ముగ్గురిలో ఒకరికి ఏదో ఒక మోతాదులో వచ్చేది. పగలు కాస్త బాగుండి పొద్దువాలాక ముదరడం, గాల్లో ఏవో ఏరుతున్నట్టు చేతులు ఆడించడం, పోయినవాళ్ళు కనపడటం, గొట్టాలు పీకేయడం అన్నీ అందులోవే. సాధారణంగా కొన్ని రోజుల్లో తగ్గుతుంది, కొందరికి వారాలు పడుతుంది. ఆయన మిమ్మల్ని గుర్తుపట్టకపోతే నేనెవరో చెప్పు నాన్నా అని పరీక్షలు పెట్టకండి, ఏడవకండి. నేను ఫలానా, మీ అమ్మాయిని, మనం ఆసుపత్రిలో ఉన్నాం, కడుపు ఆపరేషన్ అయింది, ఇవాళ మంగళవారం, పొద్దున్న తొమ్మిదైంది అని మామూలు గొంతుతో చెప్తూ ఉండండి. వాళ్ళమ్మ వచ్చిందంటే రాలేదని వాదించక్కర్లేదు, వచ్చిందని ఒప్పుకోనూ అక్కర్లేదు. మాట మార్చేయండి.

డెలీరియానికి ఎప్పుడూ ఏదో కారణం ఉంటుంది, ఒక్కోసారి మూడు నాలుగు కలిసి ఉంటాయి. ఆక్సిజన్ తగ్గడం, రక్తంలో సోడియం తగ్గడం, ఒంట్లో ఎక్కడో చీము, ఊపిరితిత్తుల్లో నిమ్ము, తీరని నొప్పి, మూత్రం బిగుసుకుపోవడం, మలబద్ధకం, నిద్ర లేకపోవడం. మందులు కూడా. నొప్పికి ఇచ్చే ట్రమడాల్, దురదకో జలుబుకో ఇచ్చే అవిల్, ఫెనర్గన్, నిద్రకి ఇచ్చే ఆల్‌ప్రజొలాం, లోరజెపాం జాతి మాత్రలు పెద్దవాళ్ళ బుర్రని ఇంకా చెదరగొట్టగలవు. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. ఈ మందుల్లో ఏవైనా నాన్నగారికి నడుస్తున్నాయా, తగ్గించే వీలుందా అని డాక్టర్ని అడగండి, ఆ హక్కు మీకుంది. ఇంకో మాట, మొహమాటపడకుండా చెప్పండి: ఆయనకి రోజూ మద్యం తాగే అలవాటు ఉందా? ఉండి ఒక్కసారిగా ఆగిపోతే రెండు మూడు రోజుల్లో ఇలాగే అవుతుంది, దాని వైద్యం వేరు. పరువు పోతుందని ఇంట్లోవాళ్ళు దాచడం, మేం చీకట్లో వెతుక్కోవడం ఎన్నిసార్లు జరిగిందో.

గొట్టాలు పీకుతున్నారని చేతులు మంచానికి కట్టేయడం మామూలుగా జరుగుతుంది. తప్పనిసరైతే కాసేపు, అంతే. కట్టేసిన మనిషి ఇంకా తిరగబడతాడు. చేతిలో చిన్న తువ్వాలు ఉండ పెట్టి పక్కన తెలిసిన మనిషి కూర్చుంటే సగం గొడవ తగ్గుతుంది. ఐసీయూలో అయితే పగలూ రాత్రీ ఒకటే ట్యూబ్‌లైటు. రాత్రి పది తరువాత దీపం తగ్గించమని సిస్టర్‌ని అడగండి. పొద్దున కిటికీ తెర తీయండి. ఆయన ఇంట్లో రేడియో వింటారంటే ఆకాశవాణి విశాఖపట్నం ఫోన్‌లో పెట్టి ఆయన రోజూ వినే వేళకే వినిపించండి.

మూడు వస్తువులు ఇవాళే ఇంటి నుంచి తెప్పించండి. కళ్ళజోడు, చెవి మిషన్, కట్టుడు పళ్ళు. మత్తు ఇచ్చేముందు ఇవన్నీ తీయించి ఒక కవర్లో వేసి ఇంట్లోవాళ్ళ చేతికిస్తారు, ఆ కవరు ఇంటికెళ్ళిపోతుంది, తరువాత ఎవరికీ గుర్తుండదు. కళ్ళు సరిగా కనపడక, మాట వినపడక, చుట్టూ మాస్కులు కట్టుకున్న మొహాలు తిరుగుతుంటే ఎవరికైనా బుర్ర పాడవుతుంది. ఆయన తినడం లేదని రాశారు. పళ్ళు ఎక్కడున్నాయో రాయలేదు.

అరిచే డెలీరియం కనపడుతుంది కాబట్టి నాకు దాని భయం తక్కువ. భయం నిశ్శబ్దంగా వచ్చేదానితో. ఇది నా సొంత సంగతి. మా అమ్మకి 79వ ఏట తొడ మొదట్లో హెర్నియాలో పేగు ఇరుక్కుని ఆపరేషన్ అయింది. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అనవసరం, చేసినవాళ్ళు పని బాగానే చేశారు. నాలుగో రోజు నేను వెళ్ళేసరికి అమ్మ కళ్ళు మూసుకుని ప్రశాంతంగా పడుకుని ఉంది. పాపం, ఇన్నాళ్ళకి నిద్ర పట్టింది, లేపొద్దు అని మా తమ్ముడితో చెప్పి వచ్చేశాను. సాయంత్రం ఒక కుర్ర డ్యూటీ డాక్టరమ్మ ఎందుకో అనుమానం వచ్చి రక్తం పంపిస్తే సోడియం 119. ఉండాల్సింది 135 నుంచి 145. పైగా కుడి ఊపిరితిత్తి అడుగున నిమ్ము. అప్పటికి ఇరవై ఐదేళ్ళ సర్వీసు ఉన్న సర్జన్‌ని నేను, రోజూ ఇతరుల అమ్మల్ని చూసేవాణ్ణి. జబ్బుని చూసి నిద్ర అనుకున్నాను.

అప్పట్నుంచి నా దగ్గరికొచ్చిన ప్రతి కుటుంబానికీ ఇదే చెప్తూ వచ్చాను. పెద్దవాళ్ళకి కడుపులో తేడా వస్తే అది ముందు కడుపులో కనపడకపోవచ్చు. బుర్రలో, ఊపిరిలో, మూత్రంలో కనపడుతుంది. జ్వరం రావాలని, పొట్ట గట్టిపడాలని ఎదురుచూస్తే ఆలస్యమైపోతుంది. ముసలితనంలో జ్వరం రాకుండానే ఒళ్ళంతా చీము విషం పాకొచ్చు. పొట్ట కండరాలు పలచబడి ఉంటాయి కాబట్టి నొక్కితే బిగుసుకోవు. బీపీకో గుండెకో మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి వాడేవాళ్ళకి గుండె వేగం కూడా పెరగదు, నాడి చూసి అంతా బాగుందనుకుంటాం.

ఇలా ఎందుకు చెప్తున్నానంటే ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కాలం కుట్టు వదులై లీకయ్యే కాలం. మీరు అందులోనే ఉన్నారు. డెలీరియం అనగానే ముసలితనం, ఐసీయూ, నిద్ర లేదు అని సర్దిచెప్పుకోవడం తేలిక. లీకు లేదని తేల్చుకున్నాకే అలా సర్దిచెప్పుకోవాలి. ఆయన నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో ఛాతీ మీద చూపు పెట్టి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. ఇరవై దాటి పెరుగుతూ పోతుంటే చెప్పాల్సిన విషయమే. యూరిన్ బ్యాగులో గంటకి ఎంత వస్తోందో చూడండి, 60 కిలోల మనిషికి 30 మిల్లీలీటర్లు కనీసం రావాలి. పొట్ట పక్కన డ్రెయిన్ గొట్టం ఉంటే అందులో వచ్చేది నిన్నటికి ఇవాళ్టికి రంగు మారి పసుపు పచ్చగానో, ఆకుపచ్చగానో, కుళ్ళు వాసనతోనో ఉందా. పొట్ట మళ్ళీ ఉబ్బిందా. ఆగకుండా ఎక్కిళ్ళు వస్తున్నాయా. ఎక్కిళ్ళని అందరూ నవ్వుతూ తీసేస్తారు, కానీ పొట్ట ఉబ్బినా, ఛాతీకి పొట్టకి మధ్య ఉండే కండరపు పొర (ఉదరవితానం) కింద చీము చేరినా వచ్చేవి అవే. కొత్తగా గుండె లయ తప్పిందని ఈసీజీ తీశారంటే కూడా, గుండె డాక్టర్‌ని పిలవడంతో పాటు కడుపులో ఏమైనా ఉందా అని అడగాలి.

డ్యూటీ డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు డల్‌గా ఉన్నారండీ అంటే ఆ మాట గాలికి పోతుంది. రాత్రి రెండుకి ఊపిరి 18, ఇప్పుడు 28, మూత్రం మూడు గంటల్లో 50 మాత్రమే వచ్చింది అని చెప్పండి, లేచి వస్తారు. పావలా నోటుబుక్కు చాలు. చాలా ఏళ్ళ కిందట టెక్కలి వైపు నుంచి వచ్చిన ఒకామె, చదువు లేదు, రౌండ్స్‌లో నా కోటు పట్టుకుని ఆపింది. బాబూ, మా ముసిలోడు నిన్నట్లాగ నేడండి, ఊపిరి గబగబా ఆడతంది, మాట తేడాగున్నాది అంది. చార్టులో అన్నీ బాగానే ఉన్నాయి. ఆవిడ మొహం చూసి స్కాన్ తీయించాను. అతుకు పక్కనుంచి లీకు. నిన్నట్లాగ లేడు అనేది మా యంత్రాలకి దొరకని కొలత, ఎందుకంటే ఆయన నిన్న ఎలా ఉన్నాడో మీకు తెలిసినట్టు మాకు తెలియదు. కాబట్టి ఇవాళ అడగండి: లీకు అనుమానం ఉందా, ఒంట్లో వాపుని చూపే రక్తపరీక్ష సీఆర్‌పీ తగ్గుతోందా పెరుగుతోందా, సీటీ స్కాన్ అవసరమా. లీకైతే అంతా అయిపోయినట్టు కాదు. చిన్నదైతే డ్రెయిన్‌తో, యాంటీబయాటిక్స్‌తో, నోటి నుంచి ఏమీ ఇవ్వకుండా సెలైన్ మీద నెట్టుకురావచ్చు, పెద్దదైతే మళ్ళీ తెరవాలి. ఏదైనా ముందు పట్టుకుంటేనే.

ఊపిరితిత్తుల సంగతి. మీరు రాసిన దాంట్లో ఆయన చుట్ట కాలుస్తారని ఒక ముక్క ఉంది. మన ఉత్తరాంధ్రలో చుట్ట మామూలు, పల్లెల్లో ఆడవాళ్ళు నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని అడ్డపొగ కూడా వేస్తారు. పొట్ట మధ్యలో పైనుంచి కిందికి కోత ఉన్నవాళ్ళు నొప్పికి భయపడి నిండుగా ఊపిరి తీయరు, గట్టిగా దగ్గు కూడా దగ్గరు. కఫం అడుగున గడ్డకట్టి నిమ్ము చేస్తుంది. ఊపిరి కసరత్తుకి మూడు బంతుల డబ్బా ఒకటి ఇచ్చి ఉంటారు. నూటికి ఎనభై మంది దాన్ని ఊదుతారు. ఊదకూడదు, పీల్చాలి. నెమ్మదిగా పీల్చి రెండు మూడు సెకన్లు బంతిని పైన నిలపాలి, మెలకువగా ఉన్నంతసేపు గంటకి పదిసార్లు. దగ్గేటప్పుడు చిన్న దిండు పొట్టకి అదిమి పట్టుకోమనండి, కుట్లు తెగుతాయన్న భయం పోతుంది. తల వైపు మంచం ఎత్తి ఉంచండి, పడుకోబెట్టి నీళ్ళు కూడా పోయొద్దు. మగతగా ఉన్న మనిషికి గ్లాసు ఎత్తి నోట్లో పోస్తే అది ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఇవన్నీ జరగాలంటే నొప్పి తగ్గి ఉండాలి. నొప్పి ఓర్చుకోవడం గొప్ప కాదు ఇక్కడ.

ఇక తిండి. నాకు కోపం వచ్చేది ఇక్కడే, ముందే క్షమించండి. మన ఇళ్ళలో ఆపరేషన్ అనగానే పథ్యం మొదలవుతుంది. పప్పు తింటే కుట్లకి చీము పడుతుంది, గుడ్డు వేడి, పెరుగు చలవ, వంకాయ దురద, చేప అసలే వద్దు. మిగిలేది ఏమిటి? బార్లీ నీళ్ళు, జావ, ఇడ్లీ, కొబ్బరి బొండాం. నెల తిరిగేసరికి మనిషి ఎముకల గూడు అవుతాడు. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. పుండు మానడానికి కావలసిన ఇటుకలే ఆ పప్పులో, గుడ్డులో ఉన్నాయి.

లెక్క చెప్తాను. ఇలాంటి జబ్బు నుంచి లేచే మనిషికి కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. ఒక గ్లాసు రాగి జావలో రెండు గ్రాముల చుట్టూ ఉంటుంది, మూడు ఇడ్లీల్లో ఆరు. రోజంతా అవే తినిపిస్తే ఇరవై దాటదు. అదే రెండు గుడ్లు 12, రెండు గ్లాసుల పాలు 13, రెండు కప్పుల పెరుగు 10, చిక్కటి పప్పు రెండు గిన్నెలు 14, వంద గ్రాముల చేప 20. కలిపితే 70 దగ్గరికి చేరాం, అన్నం టిఫిన్లు కలపకుండానే. సముద్రం పక్కన ఉండి చేప మానెయ్యడమేమిటి? ముల్లు లేని వంజరం ముక్క కారం తగ్గించి పులుసు పెట్టి మెత్తగా అన్నంలో కలిపి పెట్టండి. శాకాహారులైతే పనీరు, పెరుగు, పాలు పెంచండి. రెండు వేల రూపాయల పొడి డబ్బా లేకపోతే కోలుకోరేమో అని బెంగ వద్దు, అస్సలు తినలేనివాళ్ళకి అది ఒక సాయం, అంతే. కిడ్నీ దెబ్బతిన్నదని చెప్పి ఉంటే మాత్రం మాంసకృత్తులు ఎంతన్నది వాళ్ళనే అడగండి, బొండాం నీళ్ళు కూడా అడక్కుండా ఇవ్వొద్దు, వాటిలో పొటాషియం ఎక్కువ.

అయితే ఇవాళే అన్నం పెట్టేయమని కాదు. పెద్ద ఆపరేషన్ తరువాత పేగులు మూడు నుంచి ఐదు రోజులు పడుకుంటాయి. గ్యాస్ పోవడం మొదలైందా, వాంతులు లేవా, పొట్ట మెత్తగా ఉందా చూసి సర్జన్ సరే అన్నాకే. మొదట గుటకలు, తరువాత గంటకి నాలుగు చెంచాలు. ఒకేసారి పళ్ళెం ముందు పెడితే ఆయనకి చూడగానే కడుపు నిండుతుంది. రోజుకి ఆరేడు సార్లు, దోసిలిలో పట్టేంత. వారం పాటు దాదాపు పస్తున్న మనిషికి ఒక్కసారిగా బలంగా పెట్టినా రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయే ప్రమాదం ఉంది, అందుకే మెల్లగా పెంచుతారు, మధ్యలో రక్తపరీక్షలు చేస్తారు. నోటితో కుదరకపోతే సన్నటి గొట్టంతో పెడతామంటారు. ఒప్పుకోండి, అది ఓటమి కాదు.

నడిపించడం గురించి ఒక్క సంగతి చెప్తే మీకే అర్థమవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని పది రోజులు మంచం మీదే ఉంచి కొలిస్తే కాళ్ళలోంచి కిలో దాకా కండ కరిగింది. జబ్బు లేనివాళ్ళకే అంత. విశ్రాంతి తీసుకో నాన్నా అనే మాట ప్రేమతో అంటాం గానీ, మంచం ఆయన్ని తినేస్తుంది. మొదట మంచం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చోవడం, తరువాత కుర్చీలో భోజనం, తరువాత వరండాలో పది అడుగులు. లేచేటప్పుడు తిన్నగా లేవకుండా పక్కకి తిరిగి మోచేతి మీద లేవాలి. పక్కన మనిషి ఉండాలి, యూరిన్ బ్యాగు నడుం కంటే కిందే ఉండాలి. లేవలేకపోతే రెండు గంటలకోసారి పక్క మార్చండి, నడుం కింద, మడమల దగ్గర ఎర్రబడుతోందా చూడండి. విశాఖ ఉక్కలో ఆ ఎరుపు పుండు కావడానికి రెండు రోజులు చాలు.

నడవకపోతే కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకడుతుంది, అది ఊపిరితిత్తికి ఎక్కితే ప్రాణం మీదకి వస్తుంది. పొట్ట మీద ఇచ్చే చిన్న ఇంజెక్షన్ అందుకే. ఒక కాలు వాచినా, పిక్క నొప్పి అన్నా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా వెంటనే చెప్పాలి.

కుట్ల సంగతి. ఆరు నుంచి పది రోజుల మధ్య కట్టు కింద నుంచి లేత గులాబీ రంగు నీళ్ళు ఒక్కసారిగా ఎక్కువ వస్తే, అది చిన్న విషయం కాదు, లోపలి పొర విడిపోతోందేమో చూడాలి. ఇంటికొచ్చాక ఎప్పుడైనా కుట్టు విచ్చి పేగు బయటికి కనపడితే లోపలికి తోయకండి. సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, పడుకోబెట్టి, నోటికి ఏమీ ఇవ్వకుండా 108కి ఫోన్ చేయండి. చర్మం మీద కాస్త చీము పట్టడం మాత్రం మామూలే, రెండు కుట్లు విప్పి రోజూ కట్టు కడితే మానుతుంది.

డిశ్చార్జ్ రోజున ఒక పని మర్చిపోవద్దు. బీపీ, షుగర్ మందులు పాత మోతాదే వేయాలా అని అడిగి రాయించుకోండి. ఎనిమిది కిలోలు తగ్గి, సగం తిండి తినే మనిషికి పాత మాత్రలు వేస్తే షుగర్ పడిపోయి, బీపీ పడిపోయి బాత్‌రూమ్‌లో పడిపోతారు, తుంటి విరుగుతుంది. ఇలా మళ్ళీ అడ్మిట్ అయినవాళ్ళు ఎందరో. నేల మరుగుదొడ్డి అయితే కొన్నాళ్ళు కమోడ్ కుర్చీ కొనండి. 20 లీటర్ల నీళ్ళ క్యాను, గ్యాస్ బండ రెండు నెలల దాకా ముట్టనివ్వకండి. పొట్ట బెల్టు ఇస్తే నడిచేటప్పుడు వేసి, పడుకున్నప్పుడు తీసేయండి, చెమటకి కింద ఒరుస్తుంది. బీచ్ రోడ్డులో నడిపిస్తామని రాశారు, ముందు మీ మర్రిపాలెం ఇంటి వరండా, తరువాత వీధి చివర. మెట్లు ఎక్కగలిగాక బీచ్. డబ్బు విషయంలో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని కలవండి. ఆరోగ్యశ్రీకి 2024లో పెట్టిన పేరు ఎన్టీఆర్ వైద్యసేవ, పథకం అదే. 70 దాటినవాళ్ళకి కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయవందన కార్డు గురించీ అక్కడే అడగండి.

మామూలు మనిషి అవుతారా అన్నదానికి నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఆపరేషన్‌కి రెండు వారాల ముందు ఆయన ఎలా ఉన్నారు? వయసు కంటే అది ముఖ్యం. సొంతంగా రైతు బజారుకి వెళ్ళి సంచి మోసుకొచ్చేవారని మీరే రాశారు. అది చాలా మంచి సూచన. ఇప్పుడున్న గండం దాటితే, ఇంట్లో తన పనులు తాను చేసుకోవడానికి ఆరు వారాలు, పాత ఓపికలో ఎక్కువ భాగం రావడానికి మూడు నుంచి ఆరు నెలలు వేసుకోండి. కొందరు ఒక మెట్టు కిందే ఆగిపోతారు, చేతికర్ర వస్తుంది, మతిమరుపు కొంచెం మిగులుతుంది. మొదటి నెలలో నిరుత్సాహం, చిన్నదానికి ఏడుపు మామూలు. ఆరు వారాలైనా రోజురోజుకీ తగ్గిపోతుంటే మాత్రం డాక్టర్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి.

ఆలస్యం గురించి. ఉన్నది చెప్తాను. కన్నం పడిన కడుపుకి ప్రతి గంటా విలువైనదే, రాత్రే వచ్చి ఉంటే కొంత మేలు జరిగేది. కానీ ఆ రాత్రి మీకు కనపడింది ఏమిటి? మజ్జిగ తాగి, గ్యాస్ మాత్ర వేసుకుని, కాస్త తగ్గింది పడుకోండి అన్న నాన్న. పెద్దవాళ్ళ కడుపు అలాగే మోసం చేస్తుంది. నొక్కి చూసి గ్యాస్ అని పంపేసిన డాక్టర్లు ఉన్నారు, నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో గాలి కనపడక పొరపడిన సందర్భాలు నాకూ ఉన్నాయి. చదివినవాళ్ళమే పొరపడే చోట మీరు తప్పు చేశారని నేననను.

ఇంట్లో మిగిలిన ఆ మోకాళ్ళ మాత్రల స్ట్రిప్పులు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ జాతివే అయి ఉంటాయి. ఎవరి చేతనైనా ఫోటో తీయించి డాక్టర్‌కి చూపించి, తరువాత పారేయండి. పక్కింటి పెద్దాయనకి ఇవ్వకండి. చుట్ట పెట్టె కూడా. అల్సర్ చేసే హెచ్ పైలోరీ అనే సూక్ష్మజీవికి పరీక్ష చేశారా, చేయకపోతే ఎప్పుడు చేస్తారు, ఎండోస్కోపీ అవసరమా అన్నది డిశ్చార్జ్ సమ్మరీలో రాయించుకోండి. దానికి రెండు వారాల మందుల కోర్సు ఉంటుంది, మధ్యలో ఆపకూడదు. ఇవాళ రాత్రి ఊపిరి లెక్క, మూత్రం లెక్క రాసి రేపు పొద్దున ఇక్కడ పెట్టండి, చూస్తాను. కట్టుడు పళ్ళు దొరికాయో లేదో కూడా రాయండి.